వినబడని మాట

మా తాతయ్య కార్తీక మాసంలో అరుగు మీద కూర్చుని భారతం చెప్పేవాడు. ద్రోణపర్వం వచ్చిన రాత్రి ఆయన పక్కన ఒక కంచు పళ్ళెం, గరిటె ఉండేవి. అశ్వత్థామ చచ్చాడని ధర్మరాజు అనగానే గరిటెతో పళ్ళేన్ని దడదడా వాయించేవాడు. ఆ మోతలో తాతయ్య పెదవులు కదలడం కనిపించేదే తప్ప ‘ఏనుగు’ అన్న మాట మాకు వినబడేది కాదు. కృష్ణుడు శంఖాలూ భేరీలూ మోగించాడనీ, అందుకే కొడుకే పోయాడనుకున్న ద్రోణుడికి చివరి మాట అందలేదనీ నమ్మి పెరిగాను.

రేడియోలో ముప్ఫై ఏళ్ళు వార్తలు చదివి, రిటైరయ్యాక, వ్యాసభారతం తాత్పర్యంతో పెట్టుకుని కూర్చున్నాను. అందులో మోత లేదు. ఆ మాటను ధర్మరాజే అస్పష్టంగా, నోట్లో నోట్లో అన్నాడు. అంతవరకూ నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున నడిచిన అతని రథం అప్పుడు నేలను తాకింది. అక్కడ పుస్తకం మూసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. బయట మోత మోగడం వేరు, మన గొంతు మనమే తగ్గించుకోవడం వేరు. నేనూ ఒకసారి గొంతు తగ్గించాను.

మా పనిలో గొంతే సర్వస్వం. స్టూడియోలోకి వెళ్ళేముందు కాగితాలకు గుచ్చిన పిన్ను తీసేస్తాం. చదివిన కాగితాన్ని తిప్పం, చప్పుడు మైకులో పడకుండా పక్కకు జరుపుతాం. ఎర్ర దీపం వెలుగుతుంది. పది నిమిషాల బులెటిన్ అంటే పది నిమిషాలే. చిన్నప్పుడు ఢిల్లీ నుంచి జోలెపాళెం మంగమ్మ గారి గొంతు వింటూ, ఆవిడకు అన్నీ తెలుసనుకునేదాన్ని. ఆ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది, చదివేవాళ్ళకు తెలిసేది కాగితం ఒక్కటేనని.

ఇక్కడే నన్నొక ప్రశ్న పట్టుకుంది. న్యాయదర్శనం శబ్దాన్ని, అంటే మాటను, ప్రమాణంగా ఒప్పుకుంటుంది. కానీ ఎవరి మాటపడితే వాళ్ళ మాట కాదు, ఆప్తుడి మాట. విషయాన్ని సాక్షాత్తు ఎరిగి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక ఉన్నవాడే ఆప్తుడని వాత్స్యాయనుడు న్యాయసూత్రాల భాష్యంలో వివరించాడు. ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా అదే లక్షణమన్నాడు. ఆ మాట నాకెంతో గొప్పగా తోస్తుంది. పుట్టుకతోనూ పదవితోనూ పనిలేదు, ఎరుకా నిజాయితీ ఉంటే చాలు. కానీ ఆ కొలతకు నేను సగమే తూగుతాను. చదివిన ఏ తుపానునూ చూడలేదు, ఏ ప్రమాదం దగ్గరా నిలబడలేదు. టెలిప్రింటర్ చెప్పింది, ఎడిటర్ రాశాడు, నేను చదివాను. ఊళ్ళో రచ్చబండ దగ్గర మాత్రం రేడియోలో చెప్పారన్న ఒక్క మాటతో వాదన ముగిసేది. ఎరగని మనిషి గొంతు ప్రమాణం ఎలా అయింది?

1979 మార్చి 22న జయప్రకాశ్ నారాయణ్ చనిపోయారని ప్రధాని మొరార్జీ దేశాయ్ స్వయంగా లోక్‌సభలో ప్రకటించారు. సభ వాయిదా పడింది. రేడియో ఆ వార్త చెప్పింది. బొంబాయి జస్‌లోక్ ఆసుపత్రిలో జేపీ అప్పటికి బతికే ఉన్నారు. ఆయన కన్నుమూసింది ఆ ఏడు అక్టోబరు 8న. ఆ వార్త చదివినవాళ్ళు చెప్పింది అసత్యం. అయినా వాళ్ళ రథం నేలకు దిగిందని నేననుకోను. కాగితం మీదున్నదాన్ని నమ్మి, ఉన్నది ఉన్నట్టు వినిపించారు. ధర్మరాజు చెప్పిందో, అక్షరాలా నిజం. అశ్వత్థామ అన్న పేరున్న మాళవరాజు ఇంద్రవర్మ ఏనుగు నిజంగానే చచ్చింది, భీముడే చంపాడు. నిజం చెప్పినవాడి రథం దిగింది.

ఇక 1984 అక్టోబరు 31. ఇందిరాగాంధీ మీద ఉదయం తొమ్మిదిన్నర లోపే కాల్పులు జరిగాయి. పగలే బీబీసీ ఆమె మరణవార్త చెప్పింది. మన రేడియో, దూరదర్శన్ ఆ మాట పలికేసరికి సాయంత్రమైంది. జనం ఏమైపోతారోనన్న భయం ఆ మౌనం వెనక ఉండి ఉండొచ్చు. సత్యం హితంగా కూడా ఉండాలని గీత పదిహేడో అధ్యాయం చెబుతుంది, దాన్ని నేను తోసిపుచ్చను. కానీ ఆ తర్వాతి ఊచకోతలో ఆ మౌనం ఢిల్లీలో ఒక్క సిక్కు కుటుంబాన్నీ కాపాడలేదు. హితం పేరుతో సత్యాన్ని ఆపేవాళ్ళు, హితం ఏమిటో తమకు ముందే తెలుసనుకుంటారు. ఆ ఎరుక ఏ ఆప్తుడికీ లేదు.

టీవీలో గొంతు తగ్గిస్తే ముఖం చెప్పేస్తుంది. దూరదర్శన్‌లో మొదటి తెలుగు వార్తలు 1983 నవంబరు 14న శాంతిస్వరూప్ గారు చదివారు. టెలిప్రాంప్టర్ లేని రోజులవి. వాక్యాలు కంఠతా పట్టి, తలెత్తి, చూసేవాళ్ళ కళ్ళలోకి చూస్తూ చెప్పేవారు. కొన్నాళ్ళు నేనూ టీవీలో చదివాను గానీ ఆ ధారణ నాకు రాలేదు. ధర్మరాజు ఆ మాట అన్నప్పుడు ద్రోణుడి కళ్ళలోకి చూశాడా అని చాలాసార్లు అనుకున్నాను.

నా సంగతి గోదావరికి వరదొచ్చిన ఒక ఏడు జరిగింది. చివరి వార్త నాలుగే పంక్తులు. లంక నుంచి వస్తున్న పడవ బోల్తా పడింది, పదకొండు మంది గల్లంతయ్యారు. ఆ తర్వాత వాక్యం: వీరిలో కొందరు అవతలి ఒడ్డుకు చేరినట్టు వచ్చిన సమాచారం ఇంకా ధ్రువపడలేదు. గడియారంలో ముల్లు చివరికొచ్చింది. ఆ వాక్యం చదివాను. చదివానని ఇప్పటికీ ప్రమాణం చేయగలను. కానీ గొంతు దించి, మాటలు ఒకదాని మీదొకటి పడేలా, బులెటిన్ సమయానికి ముగించాలన్న తొందరలో చదివాను. ఏ భేరీ మోగలేదు. నేనే.

పది రోజుల తర్వాత ఒక నడివయసు మనిషి మా స్టేషను వరండాలోకొచ్చి నా పేరు చెప్పి అడిగాడు. ఆ పడవలో మనిషి. ఈదుకుంటూ అవతలి ఒడ్డెక్కి, నీళ్ళు తీశాక నాలుగో రోజు ఇల్లు చేరాడు. అప్పటికి ఆయన తల్లి మంచం పట్టి ఉంది, భార్య నుదుట బొట్టు లేదు.

“మీరు పోయామన్నారంటండీ. మావాళ్ళు అదే నమ్మారండి,” అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. “అసలేం రాశారో ఓసారి వినిపిస్తారా అమ్మగారూ? నాకు చదువు రాదండి.”

ఫైలులోంచి ఆ కాగితం తీయించాను. వరండాలో నిలబడి నాలుగు పంక్తులూ మొదటినుంచి చదివాను. చివరి వాక్యం దగ్గర ఆయన తల కొంచెం వంచి, చెవి ఇటు తిప్పాడు. మళ్ళీ చదవమన్నాడు. చదివాను.