తీరం ఎవరిది?

సముద్రతీరం ప్రజలందరిదీ అని తరగతిలో పదేళ్లుగా చెబుతున్నాను. ఒడ్డుకు కంచె వేసే హక్కు ఏ ధనవంతునికీ లేదని వాదిస్తూ వచ్చాను. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. అయితే న్యూజిలాండులోని వైతెమాతా రేవు చరిత్ర చదివిన తరువాత, ఆ వాక్యంలో "ప్రజలు" అన్న మాట దగ్గర తడబడుతున్నాను.

ఆక్లండ్ నగరం ఆ సహజమైన రేవును ఆనుకొని పెరిగింది. 1840లో దానికి చోటిచ్చినవారు న్గాటి ఫాటువా అనే మావోరీ తెగవారు. ఒరాకీ దగ్గర వారికి మిగిలిన 700 ఎకరాలూ అమ్మరాని ఉమ్మడి భూమి అని పట్టాలోనే ఉన్నది. ఆ ఉమ్మడిని తరువాత పేరుపేరునా వాటాలు వేశారు. వాటాలు వేసినది కొనడానికే! 1914 నాటికి వారి ఊరి ముందునుంచి నగరపు మురుగు గొట్టం వేశారు. వారు నత్తలూ ఆల్చిప్పలూ ఏరుకునే నీటిలో మురుగు కలిసింది. 1951లో ఒకాహు తీరాన ఉన్న ఆ ఊరిని ఖాళీ చేయించి ఇళ్లు తగులబెట్టారు. ఇంగ్లండు రాచవారు వచ్చే వేళకు అది కంటికి నలుసుగా తోచింది. తెగకు మిగిలింది పావు ఎకరం శ్మశానం.

ఆ తీరం పార్కు అయింది. నగరవాసులు అక్కడ ఈదుతారు, పడవలు నడుపుతారు. సెలవునాడు పిల్లలతో వచ్చిన కార్మికుడు ఎవరిని దోచాడు? చిక్కంతా ఇక్కడే. "ప్రజోపయోగం" మన పక్షపు మాట అనుకుంటాము. ఒకాహులో ఆ ప్రజలలో ఆ ఊరివారు లేరు.

పైనున్న గుట్టమీద ప్రభుత్వం ఖరీదైన ఇళ్లకు పథకం వేసినప్పుడు, 1977 జనవరి 5న తెగవారు అక్కడ బైఠాయించారు. 506 రోజులు కదలలేదు. చివరకు పోలీసులు 222 మందిని అరెస్టు చేశారు. అక్కడ నిర్మాణపు పని చేయరాదని ఆక్లండ్ కార్మిక సంఘాల మండలి నిషేధం పెట్టింది. మన మిత్రులు ఈ సంగతి మరువరాదు.

1991లో చట్టం ద్వారా ఆ గుట్టా, తీరపు పార్కూ తెగకు తిరిగి దక్కాయి. తెగవారూ నగరపాలక ప్రతినిధులూ సమానంగా కూర్చునే మండలి వాటిని చూస్తుంది, అధ్యక్షస్థానం తెగది. తీరం అందరికీ తెరిచే ఉంది.

"అదే గడ్డి, అదే ఈత, తేడా ఏముందండీ?" అన్నాడొక విద్యార్థి.

నా అరుగుమీద మిమ్మల్ని కూర్చోమనడం వేరు, నన్ను గెంటేసి నా అరుగుమీద నాకే చోటు చూపడం వేరు అన్నాను.

"మరి వాళ్లు కంచె వేసి ఉంటే? అప్పుడూ వాళ్ల పక్షమేనా?"

ఔనన్నాను. కాని వెంటనే అనలేకపోయాను.