వెండికి వారసులున్నారు

2024 మే 8న బ్రిటన్ సుప్రీంకోర్టు ఒక వెండి తగాదాలో తీర్పు చెప్పింది. మొత్తం 2,364 వెండి కడ్డీలు. ఒకవైపు ఆర్జెంటమ్ ఎక్స్‌ప్లొరేషన్ అనే కంపెనీ, మరోవైపు దక్షిణాఫ్రికా ప్రభుత్వం. ఆ వెండి ఓడెక్కింది మాత్రం మన బొంబాయిలో. ఓడ నిండా ఉన్నది మనవాళ్లే. ఆ కేసు సంగతి చదివిన దగ్గర్నుంచీ నా మనసు ఒకచోటే తిరుగుతోంది.

ఓడ పేరు ఎస్.ఎస్. తిలావా. 1942 నవంబర్ 20న బొంబాయి నుంచి ఆఫ్రికాకు బయల్దేరింది. మొంబాసా మీదుగా డర్బన్ దాకా వెళ్లాలి. ఓడలో 958 మంది. ప్రయాణికుల్లో ఎక్కువమంది ఆఫ్రికాలో బతుకుదెరువు వెతుక్కున్న భారతీయులు, వాళ్ల పిల్లాపాపలు. 23వ తేదీ తెల్లవారకముందే ఒక జపాన్ జలాంతర్గామి టార్పెడో వేసింది. చీకట్లో జనం పడవల్లోకి దిగారు. ఓడ వెంటనే మునగలేదు. ఇక మునగదేమోనన్న ఆశతో కొందరు మళ్లీ పైకెక్కారు. అప్పుడు తగిలింది రెండో టార్పెడో. 280 మంది పోయారు. మిగిలినవాళ్లలో ఎక్కువమందిని బర్మింగ్‌హామ్ అనే బ్రిటిష్ యుద్ధనౌక తిరిగి బొంబాయికి చేర్చింది.

ఆ మళ్లీ ఎక్కినవాళ్ల దగ్గరే నా ఆలోచన ఆగిపోతుంది. సామాను కోసం ఎక్కారా, లోపలే ఉండిపోయిన మనిషి కోసం ఎక్కారా? ఈ ప్రశ్న ఏ కోర్టూ అడగలేదు. అడగాల్సిన పనీ కోర్టుకు లేదు.

2017లో ఆర్జెంటమ్ కంపెనీ దాదాపు రెండున్నర కిలోమీటర్ల లోతుకు యంత్రాలు దింపి, సద్దు చేయకుండా ఆ కడ్డీలన్నీ పైకి తీసి ఇంగ్లండ్ చేర్చింది. సముద్ర చట్టం ప్రకారం ఆపదలో ఉన్న సరుకును కాపాడినవాడికి సొంతదారు ప్రతిఫలం ఇవ్వాలి. కాలుతున్న ఇంట్లోంచి బీరువా బయటికి లాగినవాడికి ఏదో ముట్టజెప్పడం లాంటిదే, న్యాయమైన మాటే. అయితే డెబ్బై అయిదేళ్లుగా సముద్రం అడుగున కదలకుండా పడున్న వెండికి వచ్చిన ఆపద ఏమిటో నాకు అంతుపట్టదు.

కోర్టులో వాదన ఇంకో దారి పట్టింది. నాణేల కోసం ఆ వెండిని కొన్నది దక్షిణాఫ్రికా ప్రభుత్వం. ప్రభుత్వ ఆస్తి వ్యాపారం కోసం వాడుకలో ఉంటేనే దాని మీద బయటి దేశపు కోర్టులో దావా నడుస్తుంది. మరి 1942లో ఓడ గదిలో ఊరికే పడున్న కడ్డీలు వాడుకలో ఉన్నట్టా, లేనట్టా? ఉన్నట్టే అని కింది రెండు కోర్టులూ అన్నాయి. లేనట్టే అని సుప్రీంకోర్టు అంది. దక్షిణాఫ్రికా గెలిచింది. తమాషా ఏమిటంటే, తీర్పు రాకముందే రెండు పక్షాలూ రాజీపడిపోయాయి. చట్టంలో తేలాల్సిన విషయం కాబట్టి కోర్టు తీర్పు మాత్రం వెలువరించింది. లాయర్ల తెలివికి దండం పెట్టాల్సిందే. ఇంత తర్కంలో ఆ 280 మంది ఎటూ పక్షం కారు. వెండికి వారసులు తేలారు, చచ్చిపోయినవాళ్లకు అక్కడ కుర్చీ లేదు.

సముద్ర చట్టంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. సరుకు కాపాడితే డబ్బు వస్తుంది గానీ, ప్రాణం కాపాడించుకున్న మనిషి రక్షించినవాడికి పైసా బాకీ పడడు. ప్రాణానికి వెల కట్టకూడదన్న పెద్దరికం అందులో ఉంది. కానీ వెల కట్టనిదాన్ని లెక్కలోంచే తీసేయడం కూడా అక్కడే మొదలైందని నా అనుమానం.

మునిగిన ఓడల్ని అసలు ముట్టుకోకూడదని కూడా నేననను. కలకత్తా నుంచి వెండితో, తేయాకుతో వెళ్తూ 1941 ఫిబ్రవరిలో ఐర్లండ్‌కు పడమర మునిగిన గైర్‌సొప్పా సంగతి చూడండి. ఓడ పనివాళ్లలో ఎక్కువమంది భారతీయులు. చివరికి బతికి బయటపడింది ఒక్క బ్రిటిష్ అధికారి. ఒడిస్సీ అనే అమెరికన్ కంపెనీ బ్రిటిష్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, 2012, 2013ల్లో 4,700 మీటర్ల లోతు నుంచి వంద టన్నులకు పైగా వెండి తీసింది. అందులో 80 శాతం కంపెనీ వాటా. ఆ వెండి వెతుకులాటలోనే 700కు పైగా ఉత్తరాలు దొరికాయి. డెబ్బై ఏళ్లు నీళ్లలో ఉండి కూడా చదవడానికి వీలుగా ఉన్నాయి. లండన్ పోస్టల్ మ్యూజియం వాటిని జనానికి చూపించింది. లాభం ఆశ లేకపోతే ఆ లోతుకు ఎవరూ దిగేవారు కాదు, ఆ ఉత్తరాలు వచ్చేవీ కావు. ఇది ఒప్పుకోవడం కష్టంగానే ఉంటుంది. అయినా ఒప్పుకోవాలి.

మరి హద్దు ఎక్కడ? విశాఖ తీరంలో 1971 డిసెంబర్‌లో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దాదాపు వంద మీటర్ల లోతులోనే ఉంది. అందులో పోయినవాళ్లు 93 మంది, మనమీద యుద్ధానికి వచ్చినవాళ్లే. 2024లో మన నావికాదళం దాన్ని మళ్లీ గుర్తించింది. చనిపోయినవాళ్ల మీద గౌరవంతో ముట్టుకోలేదని చెప్పింది. శత్రువు సమాధికి మనం ఇచ్చిన ఆ మర్యాద, పిల్లల్ని ఎత్తుకుని టికెట్ కొనుక్కుని ఎక్కిన మనవాళ్ల సమాధికి దక్కలేదు.

యునెస్కో 2001 ఒడంబడిక నీట మునిగిన వారసత్వాన్ని వ్యాపార సరుకు చేయొద్దంటుంది. మనుషుల అవశేషాలను గౌరవించమంటుంది. కానీ అది వర్తించేది నూరేళ్లు నీళ్లలో ఉన్నవాటికే. తిలావాకు నూరేళ్లు నిండేది 2042 నవంబర్ 23న. పైగా ఆ ఒడంబడికలో భారత్ ఇప్పటికీ చేరలేదు.

చేరాలి. చేరినా చాలదు. జనం పోయిన ఓడను ఎవరు కదిలించాలన్నా ముందుగా ఆ కుటుంబాలకు కబురు పెట్టాలన్న నిబంధన కావాలి. డర్బన్‌లో తరతరాలుగా తెలుగు ఇళ్లు కూడా ఉన్నాయి. 1942లో ఓడెక్కి ఊరు చేరని మనిషి కథ మీ ఇంట్లో ఉంటే, పేరూ ఊరూ రాసిపెట్టండి. ఈసారి ఎవరైనా అక్కడికి దిగితే, మమ్మల్ని అడిగారా అని నిలదీయడానికి ఆ పేర్లు కావాలి.