నులివెచ్చని హీటరు

పాఠము: ప్రకటన గ్రంథము 3వ అధ్యాయము, 14 మొదలు 22 వరకు



లవొదికయ పట్టణము నేడు టర్కీ దేశములో శిథిలమై యున్నది. క్రీ.శ. 60లో భూకంపము వచ్చి అది కూలినప్పుడు, రోమా చక్రవర్తి సహాయము లేకయే తన సొంత ధనముతో తిరిగి కట్టుకొనిన ధనవంతుల పట్టణమది. అయితే నీళ్లు మాత్రము దూరమునుండి గొట్టముల గుండ రావలసియుండెను. ఆ గొట్టములు నేటికిని అక్కడ కనబడుచున్నవి. వాటి లోపల సున్నము పొరలు పొరలుగా పేరుకొని నీళ్ల దారిని ఇరుకు చేసినది. ఊటలో ఎంత నీరున్నను గొట్టము పూడిన యెడల పట్టణమునకు దప్పియే గదా.

ఈ సంగతి మనస్సున నుంచుకొని, పాత బండిలోని హీటరును గూర్చి ఆలోచింతము. ఎండలు కాయు మన సీమలో హీటరుతో పనియేమని మీరడుగవచ్చును. మన తెలుగు బిడ్డలు కొందరు సైన్యములో చేరి లడఖు ప్రాంతమున నున్నారు; మరికొందరు అమెరికా, కెనడా దేశములలో పాత కార్లు కొని నడుపుకొనుచున్నారు. లేహు పట్టణము సముద్ర మట్టమునకు సుమారు 3,500 మీటర్ల ఎత్తున నున్నది. జనవరి రాత్రులలో అక్కడి చలి సున్నకు 10 డిగ్రీల దిగువకు పోవుట సాధారణము. అట్టిచోట ముందరి అద్దము మీద మంచు పట్టి దారి కనబడని యెడల, బండిలోని తల్లిబిడ్డలకు ప్రాణాపాయము.

ట్రాక్టరు రేడియేటరును మీరెల్లరు ఎరుగుదురు. హీటరు అట్టిదే, చాల చిన్నది. ఇంజను చుట్టు తిరుగు నీరు సుమారు 80, 90 డిగ్రీల వరకు కాగును. అందులో కొంత ఒక రబ్బరు గొట్టము గుండ హీటరులోనికి వచ్చి, రెండవ గొట్టము గుండ ఇంజనుకు మరలిపోవును. ఫ్యాను దాని మీదుగా గాలిని లోపలికి ఊదును. హీటరు తానుగా వేడిని పుట్టించలేదు, పుచ్చుకొని పంచిపెట్టును.

కాబట్టి వేడి తగ్గినప్పుడు వరుసగా వెదకవలెను. మొదట, ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే మూత తీసి నీరు నిండుగా నున్నదేమో చూడవలెను. కాగియుండగా తీసిన యెడల మరుగునీరు మొగము మీదికి చిమ్మును. నీరు నింపి, లోపల చేరిన గాలిని పోనిచ్చుటతోనే బాగుపడు బండ్లు కలవు. అయితే ఆ నీరు ఎక్కడ కారిపోయెనో వెదకక విడువరాదు.

తరువాత, బండిని ఆరుబయట నిలిపి ఇంజనును బాగుగా కాగనియ్యవలెను. మూసిన షెడ్డులో ఆడనిచ్చిన యెడల పొగలోని విషవాయువు మనుష్యులను చంపును. ఫ్యానుకును బెల్టుకును చేయి తగలకుండ హీటరు గొట్టములు రెంటిని జాగ్రత్తగా తాకి చూడవలెను. రెండును చల్లగా నుండి, వేడి చూపు ముల్లు కూడ పైకి రాని యెడల, థర్మోస్టాటు మూసికొనక తెరచియే నిలిచినదని అనుమానింపవలెను. ఒకటి కాలుచు రెండవది చల్లగా నున్న యెడల, నీటి కవాటము తెరచుకొనలేదు, లేదా హీటరు లోపల తుప్పు, మడ్డి పూడినవి. రెండును వేడిగా నుండి గాలి మాత్రము చల్లగా వచ్చిన యెడల, గాలిని మళ్లించు లోపలి రేకు చెడియుండవచ్చును.

పూడిన హీటరును కడుగుటకు గొట్టములు రెండును విప్పి, నీరు బయటికి వచ్చు వైపునుండి మంచినీళ్లు మెల్లగా ఎక్కింపవలెను. ఎర్రని మడ్డి పోయి తేటనీరు వచ్చువరకు ఓపిక పట్టవలెను. ఒత్తిడి ఎక్కువైన యెడల పాత అతుకులు పగులును. పిమ్మట గ్లైకాలు మందు సగము, నీళ్లు సగము కలిపి పోసిన యెడల, సున్నకు 35 డిగ్రీల దిగువ చలిలో సహితము అది గడ్డకట్టదు. ఆ మందు రుచికి తియ్యన, లోపలికి పోయిన యెడల విషము. బిడ్డలకును పశువులకును అందనియ్యకుడి.

కొందరు ఇంత శ్రమ పడనొల్లక, కారుట ఆపు మందు డబ్బా మీద డబ్బా పోయుదురు. చిల్లును మూయు ఆ మందే హీటరులోని సన్నని దారులను కూడ మూసివేయగలదు.

ప్రియులారా, మన గృహములను చూచుకొందము. రాత్రింబగళ్లు ఇంజనువలె కష్టపడు తండ్రి యున్నాడు. ప్రేమ లేనిదే అంత కష్టపడునా? అయినను భార్యకు ఒక మంచి మాట లేదు, కుమారునికి ఒక పలకరింపు లేదు. ఇల్లు చల్లగానే యున్నది. అన్నదమ్ముల మధ్య గట్టు తగవు పదియేండ్లుగా పేరుకొనియున్నది. పండుగనాడు క్రొత్త బట్టలు పెట్టి దానిని కప్పిపుచ్చుట, చిల్లుమీద మందు పోయుటయే.

లవొదికయ సంఘము తనకేమియు కొదువలేదని తలంచెను. ప్రభువు వారిని నులివెచ్చని వారని గద్దించియు విడిచిపెట్టక, తలుపునొద్ద నిలిచి తట్టెను. వారు చేయవలసినది తలుపు తీయుటయే.

వచ్చు ప్రభు భోజనపు ఆదివారమునకు ముందుగా మనలో ప్రతివాడును పూడిన దారి ఒక్కటి వెదకి తెరచుకొందము. మాటలాడని సహోదరుని గడపకు నడిచిపోదము. దూరదేశమున చలిలో నున్న బిడ్డకు ఈ రాత్రియే ఫోను చేసి, డబ్బు సంగతి ఎత్తక ముందు, వెచ్చగా నున్నావా అని అడుగుదము. ప్రభువు మన సంఘమును రగులజేయును గాక. ఆమేన్.