ప్రేమ కోసం చదువు

ఒక అమ్మాయి పై చదువుకు అమెరికా వెళుతుంది. ఆమె ప్రేమించినవాడు రెండేళ్ల ముందే అక్కడికి పోయి ఉద్యోగం చేస్తున్నాడు. సంగతి తెలిసిన బంధువులు, "చదువు కోసమా, వాడి కోసమా?" అని నవ్వుతారు. ఆ నవ్వులో ఒక నైతిక తీర్పు ఉన్నది. చదువును సాకుగా వాడుకోవటం తప్పు అనేది ఆ తీర్పు. కొంచెం ఆధునికులైనవాళ్లు మాత్రం, "అది ఆమె సొంత విషయం, మనకెందుకు?" అంటారు. పైకి ఈ రెండు అభిప్రాయాలూ ఎదురెదురుగా కనిపిస్తాయి గాని, రెండూ ఒక్క చోటనే పొరబడుతున్నాయి. ఇద్దరు మనుషులు కలిసి బతకాలంటే వాళ్లలో ఒకరు విశ్వవిద్యాలయంలో సీటు కొనుక్కోవలసిన పరిస్థితి ఎలా వచ్చిందని ఈ రెండు పక్షాల్లో ఎవరూ అడగరు.

ముందు మొదటి ఆక్షేపణ చూద్దాం. విద్యను విద్య కోసమే అభ్యసించాలనే ఆదర్శం మంచిదే. ఆ ఆదర్శాన్ని మన సమాజం ఎవరి విషయంలో పాటిస్తున్నది? ఇంజనీరింగు చదివే కుర్రవాడు యంత్రాల మీద మమకారం కొద్దీ చదువుతున్నాడని అతని తండ్రి కూడా అనుకోడు. అతను జీతం కోసం చదివితే బుద్ధిమంతుడు. ఆ చదువు చూపించి కట్నం పెంచుకుంటే ప్రయోజకుడు. డబ్బు కోసం చదవటంలో కనిపించని దోషం మనిషి కోసం చదవటంలో కనిపిస్తున్నదంటే, ఆ దోషం చదువుకు సంబంధించినది కాదు. ఆడపిల్ల తన మనసుకు తానే యజమానురాలు కావటం మనవాళ్లకు మింగుడు పడటం లేదు, అంతే.

పైగా విదేశ విద్యను ప్రేమ వ్యవహారాల్లో పనిముట్టుగా వాడటం ఈనాటి అమ్మాయిలు కనిపెట్టినది కాదు. 1895లో హైదరాబాదు నుంచి పదహారేళ్ల సరోజినీ చట్టోపాధ్యాయ నిజాం ఇచ్చిన విద్యార్థి వేతనంతో ఇంగ్లండు వెళ్లింది. అప్పటికే ఆమె మనసు గోవిందరాజులు నాయుడు అనే డాక్టరు మీద ఉన్నది. ఆయన కులం వేరు. ఆమెను ఇష్టానికి విరుద్ధంగానే పంపారని ఆమె పద్యసంపుటి 'గోల్డెన్ త్రెషోల్డ్'కు పీఠిక రాసిన ఆర్థర్ సైమన్స్ చెప్పాడు. ఆమె లండన్ కింగ్స్ కాలేజీలోనూ, కేంబ్రిడ్జి గిర్టన్ కాలేజీలోనూ చదివి, 1898లో తిరిగి వచ్చి, ఆ సంవత్సరమే ఆయన్ను పెళ్లాడింది. ఆనాడు ప్రేమికుల మధ్య సముద్రాన్ని పెట్టటానికి చదువు పనికివచ్చింది. ఈనాడు ఆ సముద్రాన్ని దాటటానికి పనికివస్తున్నది. పెద్దలు వాడుకుంటే దూరదృష్టి, పిల్లలు వాడుకుంటే సాకు అనటం న్యాయం కాదు.

అయితే చదువే ఎందుకు? ఊరికే వెళ్లి అతనితో ఉండవచ్చు గదా అని పాఠకులు అడగవచ్చు. ఉండటానికి వీల్లేదు. హెచ్-1బి వీసా మీద పనిచేసేవాడు పెళ్లాడిన భార్యను హెచ్-4 వీసా మీద తీసుకుపోవచ్చు. పెళ్లికాని మనిషికి ఆ తోవ లేదు. కాబోయే భార్యను రప్పించుకునే వీసా ఒకటి ఉన్నది గాని, అది అమెరికా పౌరులకే. పని చెయ్యటానికి పోయినవాడికి అది దక్కదు.

పోనీ, పెళ్లి చేసుకునే వెళ్లిందనుకుందాం. హెచ్-4 మీద వెళ్లిన భార్యకు 2015 మే దాకా ఉద్యోగం చేసే హక్కే లేదు. ఆ తర్వాత కొందరికి వచ్చింది. అదైనా భర్త శాశ్వత నివాసం కోసం అతని కంపెనీ పెట్టిన దరఖాస్తు ఒక మెట్టు దాటితేనే. విద్యార్థి భార్యకు ఇచ్చే ఎఫ్-2 మీద ఉద్యోగమూ లేదు, పూర్తికాలం డిగ్రీ చదువూ లేదు. భర్త ఉద్యోగం పోతే భార్య వీసాకు ముప్పు. విడాకులైతే అది రద్దు. ఆమె ఆ దేశంలో ఉండటానికి ఆధారం ఆమె కాదు, అతను. మనం పాత గ్రంథాల్లో చదివి అసహ్యించుకున్న పారతంత్ర్యమే కొత్త ముద్ర వేసుకుని కంప్యూటరు యుగంలోకి వచ్చింది. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మాత్రం ఆమె సొంత పేరు మీద ఉంటుంది. కనుక ప్రేమ కోసమే వెళ్లినా, భార్య హోదాలో కాకుండా విద్యార్థిని హోదాలో వెళ్లిన అమ్మాయి కొంత స్వతంత్రురాలుగా వెళుతున్నది. నవ్వే బంధువులకు ఈ సంగతి తెలియదు.

ఇక్కడ ఒక నిజమైన నైతిక చిక్కు ఉన్నది. విద్యార్థి వీసా కోరే మనిషి తనకు స్వదేశంలో నివాసం ఉన్నదనీ, దాన్ని వదులుకునే ఉద్దేశం లేదనీ అధికారికి నమ్మకం కలిగించాలి. కాన్సులేటు కిటికీ ముందు ఆ రెండు మూడు నిమిషాల్లో, "ఈ విశ్వవిద్యాలయమే ఎందుకు?" అని అడుగుతారు. "నేను ప్రేమించినవాడు ఆ ఊళ్లో ఉన్నాడు" అని నిజం చెబితే వీసా రాకపోవచ్చు. అందుకని ఆమె ప్రొఫెసర్ల పేర్లు, ప్రయోగశాలల పేర్లు కంఠస్థం చేసి పోతుంది. ఎట్టి పరిస్థితిలోనూ అబద్ధమాడరాదని కాంట్ అన్నాడు. ఆ సూత్రాన్ని ఈ అమ్మాయికి వర్తింపజేసేముందు మనం ఇంకొకటి గమనించాలి. కొన్ని నిజాలు చెప్పినందుకు శిక్షించే వ్యవస్థ అబద్ధానికి తానూ సగం కర్త. అంతమాత్రాన అబద్ధం మంచిదైపోదు. అబద్ధం మీద నిలబెట్టిన జీవితంలో ప్రతి కాగితమూ ఒక భయం. ఆ భయం లేకుండా వెళ్లటానికి ఒక మార్గం ఉన్నది. దాన్ని చివర చెబుతాను.

ఇంతవరకూ మాట్లాడింది అప్పు తీసుకునైనా సీటు కొనగలిగిన వాళ్ల గురించి. సీటు కొనలేనివాళ్ల ఎడబాటు ఎలా ఉంటుందో తెలియాలంటే సిరిసిల్ల పక్కన కోనరావుపేట చూడాలి. ఈ మండలం 2016లో జిల్లాల విభజన దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలకు ఎడబాటు కొత్త కాదు. మగ్గం మీద బతుకు గడవక నేతకార్మికులు భివండికీ, షోలాపురానికీ, బొంబాయికీ, సూరతుకూ పోయారు. అలా పోయినవాడు ఒక ఖోలీ చూసుకుని, కొన్నాళ్లకు భార్యాపిల్లల్ని తీసుకుపోగలిగాడు. అందుకే ఆ ఊళ్లలో తెలుగు పేటలు వెలిశాయి. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫు దేశాల్లో కట్టడాలు లేవటం మొదలయ్యాక దారి అటు మళ్లింది. "దుబాయి పోయిండు" అనే మాటకు ఆ ఊళ్లలో, ఏ దేశం పోయినా సరే, ఒక్కటే అర్థం: ఇంట్లో మనిషి లేడు.

దుబాయి పోయినవాడి భార్య అతని వెంట ఎందుకు పోలేదు? ప్రేమ తక్కువై కాదు. ఎమిరేట్స్‌లో కుటుంబాన్ని రప్పించుకోవాలంటే నెలకు 4,000 దిర్హాముల జీతం గాని, 3,000 దిర్హాములూ వసతీ గాని ఉండాలి. తాపీ పనికీ ఊడ్చే పనికీ పోయినవాళ్లలో ఎక్కువమందికి ఈ గీత అందదు. సౌదీ ప్రభుత్వం 2017 జూలై నుంచి కుటుంబ సభ్యులు ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ల చొప్పున సుంకం విధించి, ఏటా పెంచి, 2020లో 400 రియాళ్లు చేసింది. భార్యతో కలిసి ఉన్నందుకు పన్ను అని దీన్ని సూటిగా అనవచ్చు. ఆమె సొంతంగా ఉద్యోగానికి పోదామన్నా, పదో తరగతి దాటకపోతే 1983 నాటి వలస చట్టం కింద 18 దేశాలకు ప్రత్యేక అనుమతి కావాలి. ఇంటిపని ఉద్యోగానికైతే ముప్పై ఏళ్లు నిండితే గాని పంపరు. నిండి పోయినా, ఆమె ఉండేది యజమాని ఇంట్లో. భర్త ఉండేది కార్మికుల క్యాంపులో. ఒకే దేశంలో ఉండి కూడా వాళ్లు కలిసి ఉండలేరు. చదువు పేరు మీద వెళ్లే తోవ ఆమెకు మొదటినుంచీ లేదు.

మన పండితులు విరహానికి పరాకాష్ఠగా చెప్పుకునే 'మేఘదూతం' సంగతి గుర్తు చేసుకుందాం. అందులో యక్షుడు కుబేరుడి కొలువులో ఉద్యోగి. పనిలో ఏమరుపాటు చూపినందుకు యజమాని అతనికి ఏడాదిపాటు భార్యకు దూరంగా ఉండమని శిక్ష వేశాడు. కాళిదాసు కాలంలో ఎడబాటు పని చెడగొట్టినందుకు శిక్ష. మన కాలంలో పని దొరకాలంటే అది షరతు. యక్షుడికి ఏడాది తర్వాత గడువు తీరింది. గల్ఫు కార్మికుడికి అప్పు తీరేదాకా గడువు తీరదు.

దీనికి కారణం ఆ దేశాల పాలకులు కఠినాత్ములు కావటం మాత్రమే కాదు. కార్మికుడి శ్రమశక్తి విలువలో అతని పిల్లల పోషణ కూడా, అంటే రేపటి కార్మికుల పోషణ కూడా, చేరి ఉంటుందని మార్క్స్ 1867లో 'పెట్టుబడి'లో చూపించాడు. కుటుంబం కూడా పనిచేసే చోటనే ఉంటే ఆ ఖర్చు అక్కడి ధరల ప్రకారం భరించాలి. కుటుంబాన్ని కోనరావుపేటలో ఉంచితే అది కోనరావుపేట ధరల ప్రకారం సరిపోతుంది. పిల్లల బడి, ముసలివాళ్ల మందులు, పనివాడు జబ్బుపడి తిరిగివస్తే సేవ, ఇవన్నీ ఊరే భరిస్తుంది. ముఖ్యంగా ఆ ఊళ్లో మిగిలిన ఆడవాళ్లు భరిస్తారు. యజమానికి కావలసింది రెండు చేతులు. ఆ చేతుల వెనక ఉన్న సంసారం అతనికి దండగ.

ప్రజాస్వామ్యం గురించి చాలా మాట్లాడే దేశాల్లోనూ ఇదే లెక్క. బ్రిటన్‌లో స్థిరపడినవాడు విదేశీయురాలైన భార్యను తెచ్చుకోవాలంటే 2024 ఏప్రిల్ దాకా ఏటా 18,600 పౌన్ల ఆదాయం చాలేది. అప్పటినుంచి అది 29,000 అయింది. అదే సంవత్సరం జనవరి నుంచి, అక్కడ పరిశోధన కాని ఎమ్మే, ఎమ్మెస్సీ వంటివి చదివే విదేశీ విద్యార్థులు, కొద్ది మినహాయింపులతో, భర్తనో భార్యనో తీసుకుపోవటానికి వీల్లేకుండా పోయింది. విద్యార్థి కట్టే ఫీజు కావాలి, విద్యార్థి తాలూకు మనుషులు అక్కర్లేదు.

ఇక్కడ మన మిత్రులే ఒక ఆక్షేపణ తేవచ్చు. గల్ఫు కార్మికుడి భార్య కన్నీళ్ల పక్కన కంప్యూటరు ఇంజనీరు ప్రియురాలి బాధ ఏపాటిది, అది మధ్యతరగతి విలాసం కాదా అని. బాధల బరువు ఒకటి కాదు, ఒప్పుకుంటాను. కాని ప్రేమ విలాసమనే మాట నేను ఒప్పుకోను. జెన్నీతో 1836లో పెళ్లి నిశ్చయం చేసుకుని, చదువు కోసం బెర్లిన్ వెళ్లిన యువక మార్క్స్ ఆమెను పెళ్లాడటానికి 1843 దాకా ఆగవలసి వచ్చింది. ఆయన ఎప్పుడూ ఆ బాధను విలాసమనుకోలేదు. ఈ ఇద్దరు స్త్రీలను ఒకరికొకరిని పోటీ పెట్టటం వల్ల లాభపడేది ఇద్దరినీ దూరంగా ఉంచినవాళ్లే. ఒకరికి కలిసి బతకటం ఖరీదైనది, ఒకరికి అసాధ్యమైనది. అమ్ముతున్న అంగడి ఒక్కటే.

అంగడి మీద కోపం ఉన్నంతమాత్రాన అందులో అడుగుపెట్టే మనిషికి బాధ్యత లేకుండా పోదు. అందుకని ఆ అమ్మాయికి నేను మూడు ప్రశ్నలు సూచిస్తాను. మొదటిది: అతను ఆ ఊళ్లో లేకపోయినా, రేపు ఈ ప్రేమే లేకపోయినా, ఈ చదువు నాకు కావాలా? కావాలంటే ఆమె కిటికీ దగ్గర తన చదువు గురించి చెప్పేది అబద్ధం కాదు. ప్రేమ ఆ చదువుకు తోడైన రెండో కారణం మాత్రమే. భయం లేకుండా వెళ్లే మార్గమని నేను పైన అన్నది ఇదే. రెండోది: ఈ అప్పుకు తాకట్టు పడుతున్నది ఎవరి భూమి? తన ప్రేమకు తండ్రి ఎకరాలు జామీను పెట్టేటప్పుడు ఆయనకు నిజం తెలిసి ఉండాలి. విదేశపు అధికారికి ఎంత చెప్పాలన్నది వేరే తర్కం. ఇంట్లో మాత్రం దాపరికం తగదు. మూడోది ఆమె కంటే అతను వేసుకోవలసిన ప్రశ్న: ప్రతిసారీ కదిలి రావలసింది ఆమే ఎందుకు? నా ఉద్యోగం కదలనిదనీ, ఆమె జీవితం కదిలేదనీ ఎవరు నిర్ణయించారు? ఈ ప్రశ్న అడగని ప్రేమికుడు రేపు భర్త అయ్యాక అడుగుతాడని నమ్మటానికి ఆధారం లేదు.

వ్యక్తులు వేసుకోవలసిన ప్రశ్నలు ఇంతవరకే. మిగతాది సంఘం చెయ్యాలి. వలస కార్మికుల, వాళ్ల కుటుంబాల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 1990లో ఒక ఒడంబడిక చేసింది. కుటుంబం ఒక్కచోట చేరటానికి ప్రభుత్వాలు తోడ్పడాలని దాని 44వ అధికరణం చెబుతున్నది. 2003లో అది అమలులోకి వచ్చింది. అమెరికా గాని, బ్రిటన్ గాని, గల్ఫు దేశాలు గాని దానిలో చేరలేదు. భారతదేశమూ చేరలేదు. తన కార్మికుల్ని లక్షల సంఖ్యలో పంపి, వాళ్లు పంపే డబ్బు లెక్కపెట్టుకునే దేశం, వాళ్ల సంసారాల గురించి ఒక సంతకం పెట్టటానికి ఇంకా సిద్ధంగా లేదు. మన విద్యార్థి సంఘాలూ, ఉపాధ్యాయ సంఘాలూ, ఎన్నికలప్పుడు ఓటు కోసం ఆ ఊళ్లకు పోయే పార్టీలూ ఈ సంతకం గురించి అడగాలి. విశ్వవిద్యాలయానికి పోయే అమ్మాయి, కోనరావుపేటలో ఫోను పక్కన కూర్చున్న స్త్రీ, ఇద్దరూ కలిసి అడగదగిన ప్రశ్న ఇది.