సహృదయుడు ఎవరివాడు?

సాహిత్యం మనిషిని మారుస్తుందంటారు. ఎవరంటారు? రాసినవాళ్లు, విమర్శకులు. చదివినవాణ్ణి అడిగి చెప్పినవాళ్లు తక్కువ. మన అలంకారశాస్త్రంలో 'సహృదయుడు' ఒకడున్నాడు. అతనికి ఊరు లేదు, కులం లేదు, మతం లేదు. పద్యం చెవిన పడితే చాలు, రసం అందుకుంటాడు. పేరు లేదు గనుక అందరివాడని నమ్మాం. కానీ మన పేర్లు ఎప్పుడైనా అతనికి పెట్టి చూశామా?

1987లో జర్మనీలోని జీగెన్ కేంద్రంగా ఒక అంతర్జాతీయ పండిత సంఘం ఏర్పడింది. సాహిత్యాన్ని అనుభవ ప్రమాణంతో అధ్యయనం చేయాలన్నది దాని ఆశయం. జీగ్‌ఫ్రీడ్ ష్మిట్ వంటివాళ్లు వేసిన ప్రశ్న సూటిగా ఉంది: కావ్యానికి అర్థమేమిటని మనలో మనం వాదించుకోవడం మాని, చదివేవాళ్లు నిజంగా ఏం చేస్తున్నారో చూద్దాం. అడుగుదాం, నమోదు చేద్దాం, పోల్చి చూద్దాం.

ఇలాంటి ప్రయత్నాలు అంతకు ముందూ ఉన్నాయి. 1979లో అచ్చయిన ఒక అధ్యయనంలో భారతీయులకూ అమెరికన్లకూ రెండు ఉత్తరాలిచ్చారు. ఒకటి భారతీయ పెళ్లి గురించి, రెండోది అమెరికన్ పెళ్లి గురించి. ఎవరి పెళ్లిని వాళ్లు తొందరగా చదివారు, ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. ఎదుటివాళ్ల పెళ్లిని తమకు తెలిసినట్టు మార్చుకున్నారు. అందరి చేతిలోనూ ఉన్నవి అవే అక్షరాలు. చదువు మాత్రం ఒకటి కాదు.

ఈ ప్రశ్నను ప్రొద్దుటూరుకు తెద్దాం. జమ్మలమడుగులో పుట్టిన దుర్భాక రాజశేఖర శతావధాని 'రాణాప్రతాపసింహ చరిత్ర' రాశారు. జమ్మలమడుగు తాలూకా నెమళ్లదిన్నెలో పుట్టిన గడియారం వేంకట శేషశాస్త్రి 'శివభారతం' రాశారు. ఇద్దరికీ ప్రొద్దుటూరే సాహిత్యక్షేత్రం. పరాయి పాలనలో ఉన్న జాతికి వీరగాథలు కావలసిన కాలమది. నిజమే. కానీ ఆ గాథల్లో ఎదుటి పక్షాన నిలబడ్డవాళ్ల పేర్లు మా ఇళ్లలో పేర్లు. పద్యం నడకకు తల ఊపుతూనే ఒక మాట దగ్గర తల దించుకునే పాఠకుడు ఉంటే అతని అనుభవం రసమా, రసభంగమా? శాస్త్రంలో అతనికి చోటేది?

'శివభారతం'లోని ఒక ఘట్టం 'మాతృభావన' పేరుతో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి తెలుగు వాచకంలో కొన్నేళ్లు పాఠంగా ఉండింది. బందీగా తెచ్చిన ముస్లిం స్త్రీని శివాజీ తల్లిగా గౌరవించి పంపే ఘట్టమది. ఉదాత్తమైనది, కాదనను. అయితే పులివెందుల బడిలో ముస్లిం పిల్ల దాన్ని చదివేటప్పుడు ఎవరి పక్కన నిలబడుతుంది? క్షమించే రాజు పక్కనా? గౌరవం దక్కిన బందీ పక్కనా? మర్యాద చూసి సంతోషిస్తుందా, మర్యాద ఎప్పుడూ ఒకరు ఇచ్చేదీ ఇంకొకరు పుచ్చుకునేదీ ఎందుకయిందని అడుగుతుందా? పరీక్షలో అడిగేది శివాజీ గుణగణాలు. ఆ పిల్లను మాత్రం ఎవరూ అడగరు.

ఇక్కడ మనమూ జాగ్రత్తపడాలి. "ముస్లింలు ఇలా బాధపడతారు" అని మన వ్యాసాల్లో రాసేస్తున్నాం. ఏ ముస్లింలు? ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబమా? తెలుగే ఇంటిభాషగా బతికే దూదేకులవారా? ఆ పాఠం ఇష్టంగా కంఠస్థం చేసిన పిల్ల ఉంటే ఆమెను తప్పుబడదామా? అడగకుండా ఆమె తరఫున మాట్లాడితే మనమూ ఇంకొక సహృదయుణ్ణి తయారు చేసినట్టే. ఈసారి టోపీ పెట్టి.

లెక్కలకూ హద్దుంది. మంచి కథలు చదివితే ఎదుటివారి మనసు బాగా తెలుస్తుందని 2013లో ఒక ప్రయోగం చెప్పింది. 2016లో ఇతరులు మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం నిలవలేదు. అంతకన్నా పెద్ద చిక్కు సగటు. వందమందిని అడిగితే తొంభైమంది బాగుందంటారనుకోండి, సగటులో మిగతా పదిమంది మాయమవుతారు. మైనారిటీ అంటే ఆ పదిమందే. చదువరులను లెక్కపెట్టడం ఓట్లు లెక్కపెట్టడం కాకూడదు. ఒకే పద్యాన్ని ప్రేమిస్తూ నొచ్చుకునే మనిషికి 'అవును', 'కాదు' అన్న రెండు గళ్లూ చాలవు.

ఒక్క పాఠకుడి నొప్పితో కావ్యం చెడ్డదైపోదు. కావ్యం గొప్పదైనంత మాత్రాన ఆ నొప్పి అబద్ధమూ కాదు. రెండింటినీ ఒకే పుటలో రాసుకోగలిగిన విమర్శ మనకు కావాలి. దానికి ముందు మూడు ఊళ్ల బడుల్లో, గ్రంథాలయాల్లో కూర్చుని వినాలి. తీర్పు తర్వాత.