పరదోషమును ప్రశ్నించు అర్హత

తన యింట దోషముండగా పొరుగింటి యన్యాయమును ప్రశ్నింపవచ్చునా? ఈ ధర్మసందేహము వ్యక్తులకే గాక దేశములకును కలదు.

1946వ సంవత్సరమున దక్షిణాఫ్రికాలోని భారతీయులకు జరుగుచున్న అన్యాయమును మన దేశము ఐక్యరాజ్యసమితి ముందుంచినది. శ్రీమతి విజయలక్ష్మీ పండిట్ మన ప్రతినిధివర్గమునకు నాయకురాలు. అది తమ యింటి విషయమని దక్షిణాఫ్రికా వాదించినది. భారతదేశమున కులభేదములు లేవా యనియు ఎత్తిచూపినది.

ఆ మాట అసత్యము కాదు. అయినను అది సమాధానమగునా? గౌతమ మహర్షి న్యాయసూత్రములందు చెప్పిన ఇరువదిరెండు నిగ్రహస్థానములలో ‘మతానుజ్ఞ’ యొకటి. తనపై మోపబడిన దోషమును తొలగింపక, ‘నీ పక్షమునను ఆ దోషమే కలదు’ అనువాడు తన దోషమును అంగీకరించినవాడే; వాదమున నోడినవాడే. ఇరువురు దోషులైనంత మాత్రమున బాధితుని బాధ తగ్గదు. మన యూరి బావికిని కోవెలకును దూరముగా నిలుపబడినవాడు కలడన్న మాట, డర్బనులో అవమానము పొందినవానికి ఊరట కాజాలదు.

కాని ప్రశ్నించినవానికిని విడుదల లేదు. తాను చూపిన కొలబద్ద తనకును వర్తించును. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. దానిని నేరముగా శిక్షించు చట్టము 1955లో వచ్చినది. 1989లో అత్యాచారముల నిరోధమునకు వేరొక చట్టము కావలసివచ్చుటయే ఆ దోషము సమసిపోలేదనుటకు సాక్ష్యము.

దోషమున్నవాడు మౌనము వహింపవలెనన్నచో, లోకమున పీడితుని పక్షమున మాటాడువాడే యుండడు. కావున మాటాడవలెను, తిరిగివచ్చిన మాటను చెవినిడవలెను. ‘నీవు మాత్రమో?’ యన్నపుడు ‘నిజమే, దిద్దుకొనుచున్నాము’ అని సత్యముగా చెప్పగల దేశమునకే ఆ ప్రశ్న శోభించును.