సేవకుని కోసం వేడుకున్న అధికారి



పాపసంకీర్తనానికి ముందు ఆత్మశోధన చేసుకునేటప్పుడు మనకు ఎక్కువగా ఇంటి సంగతులే గుర్తుకు వస్తాయి. భార్యపై కోపపడ్డాం, పిల్లలను తిట్టాం, ఆదివారం పూజ మానుకున్నాం. ఉదయం తొమ్మిది నుండి సాయంత్రం ఆరు వరకు మనం గడిపే ఆఫీసు, బడి, ఆసుపత్రి, కర్మాగారం మాత్రం ఆ లెక్కలోకి రావు. అక్కడ మన చేతికింద పనిచేసే వారితో ఎలా నడుచుకున్నామో దేవునికి సంబంధించిన విషయం కానట్లే ఉంటుంది. ఈ వారం ఆ తలుపు కాస్త తెరిచి చూద్దాం.

సువార్తలో ఒక అధికారి ఉన్నాడు. కఫర్నాములోని శతాధిపతి (మత్తయి 8:5-13, లూకా 7:1-10). యూదుడు కాడు, అన్యుడు. అతనికి మూడూ ఉన్నాయి. సైనికులపై అధికారం ఉంది. ప్రార్థనా మందిరం కట్టించి ఇచ్చినవాడు కనుక ధనమూ ఉంది. యూదుల పెద్దలే అతని తరఫున వచ్చి యేసుప్రభువును బతిమాలారంటే పలుకుబడికీ లోటు లేదు. ఈ మూడింటిని అతడు దేనికి వాడాడు? పదోన్నతికి కాదు, తన కొడుకు ఉద్యోగానికీ కాదు. మంచానపడిన ఒక సేవకుని కోసం వాడాడు.

ఇది ఎంత గొప్ప సంగతో తెలియాలంటే ఆనాటి లోకరీతి తెలియాలి. జబ్బుపడిన బానిసకు వైద్యం చేయించడం దండగ అనుకునే యజమానులు రోములో ఉండేవారు. వారు ఆ రోగులను టైబరు నదిలోని దీవిలో, వైద్యదేవత గుడి దగ్గర వదిలేసి పోయేవారు. అలా వదిలేసిన వారు కోలుకుంటే ఇక బానిసలు కారని క్రీ.శ. 41-54 మధ్య ఏలిన క్లాడియసు చక్రవర్తి శాసనం చేయవలసి వచ్చిందని రోమను రచయిత స్యుటోనియసు రాశాడు. ఇంచుమించు ఆ కాలంలోనే మన శతాధిపతి ఒక సేవకుని ప్రాణం కోసం ఒక యూదా బోధకుని ముందు తలవంచాడు.

యేసుప్రభువు అతణ్ణి ఉద్యోగం వదులుకోమనలేదు. ఆజ్ఞలివ్వడం మానుకోమనీ అనలేదు. ఒకణ్ణి పొమ్మంటే పోతాడు, ఇంకొకణ్ణి రమ్మంటే వస్తాడని ఆ అధికారే చెప్పుకున్నాడు. పని జరగాలంటే చెప్పేవారు ఒకరుండాలి. ఆలస్యంగా వచ్చినవారిని అడగడం, సరిగ్గా చేయని పనిని మళ్లీ చేయించడం పాపం కాదు. అయితే ఆ శతాధిపతి ముందుగా అన్న మాట గమనించండి. తానూ ఒకరి అధికారం కింద ఉన్నవాడినేనని అతడు ఒప్పుకున్నాడు. ఈ ఒక్కటి మరచిన రోజున ఏ అధికారి అయినా చిన్న హేరోదు అవుతాడు.

లాటిను భాషలో అధికారానికి రెండు మాటలున్నాయి. ఒకటి ‘పొతెస్తాస్’, అంటే ఆజ్ఞాపించగల బలం. ఇది నియామక పత్రంతో వస్తుంది, పదవీ విరమణతో పోతుంది. రెండవది ‘అవుక్తోరితాస్’. పెంచడం అనే అర్థమిచ్చే క్రియ నుండి ఈ మాట పుట్టింది. మన దగ్గర పనిచేసినవారు పనిలోను, ధైర్యంలోను, మంచితనంలోను పెరిగితే వచ్చే గౌరవం అది. దాన్ని ఏ యాజమాన్యమూ ఇవ్వలేదు, ఎవరూ తీసివేయలేరు. కుర్చీ దిగిన తరువాత కూడా మనకు ఎవరైనా మనస్ఫూర్తిగా నమస్కారం పెడుతున్నారంటే అది ఈ రెండవదానికే.

శ్రీసభ ఈ సంగతిని పదేపదే చెబుతూనే ఉంది. 13వ లియో పోపుగారు 1891లో కార్మికుల స్థితిగతులపై ‘రేరుం నొవారుం’ అనే విశ్వలేఖ రాశారు. పని విలువను పని రకాన్ని బట్టి కాక, చేసేవాడు మనిషి అన్న సత్యాన్ని బట్టి ఎంచాలని రెండవ జాన్ పాల్ పోపుగారు 1981లో తమ విశ్వలేఖలో బోధించారు. 2025 మే 8న ఎన్నికైన 14వ లియో పోపుగారు ఆ పేరు ఎన్నుకోవడానికి ముఖ్య కారణం 1891 నాటి ఆ లేఖేనని తామే చెప్పారు.

ఇక మన సోమవారం ఉదయానికి వద్దాం. తల్లికి బాగాలేదని కాంట్రాక్టు కార్మికుడు ఇచ్చిన సెలవు చీటీ మీ బల్లమీద ఎన్నాళ్లు పడి ఉంది? పైఅధికారి ముందు మెప్పు మీరు తీసుకొని, తప్పును కిందివారి మీదికి నెట్టారా? శనివారం ఇవ్వవలసిన కూలిని, డబ్బు ఉండి కూడా సోమవారానికి తోశారా? నలుగురి ఎదుట ఒక ఆయమ్మను మాటలతో చిన్నబుచ్చారా?

“నాకు ఏ అధికారమూ లేదు ఫాదర్, నేను గుమాస్తాను” అనేవారు ఉంటారు. మీ చేతిలోని ఫైలు కదిలితే గాని ఒక వితంతువుకు పింఛను రాదు. ఆ వితంతువుకు మీరే శతాధిపతి. ఇంట్లో అంట్లు తోమే అమ్మాయికి మీరే యజమానురాలు.

మన శ్రీసభ సంస్థల సంగతి కూడా చెప్పకపోతే ఈ మాటలకు విలువ ఉండదు. విచారణ గురువు దగ్గర వంట చేసేవారు, కారు నడిపేవారు, ఊరూరా తిరిగే ఉపదేశి, మన బడులలోని ఉపాధ్యాయినులు, మన ఆసుపత్రులలోని నర్సులు కూడా పనివారే. పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపుల విషయంలో సుప్రీంకోర్టు 1997లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2013లో చట్టమే వచ్చింది. పదిమంది లేక అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలి. గోడమీద సిలువ ఉన్నంత మాత్రాన మనకు మినహాయింపు లేదు. సిలువ ఉన్నచోట బలహీనుల మొర ఇంకా త్వరగా వినబడాలి.

చివరగా ఒక్క సంగతి. దివ్యసత్ప్రసాదం స్వీకరించే ముందు, ప్రభువు నా వద్దకు రావడానికి నేను తగనని, ఆయన ఒక్కమాట పలికితే చాలునని మనమందరం చెబుతాం. ఆ మాట ఈ శతాధిపతి నోట వచ్చినదే. ఒక పైఅధికారి తన కింద పనిచేసేవాని కోసం చేసిన మనవిని శ్రీసభ మన పెదవులపై ఉంచింది. అతడు సేవకుడు స్వస్థపడాలన్న చోట మనం మన ఆత్మ స్వస్థపడాలంటాం. అది సరియైనదే. కాని ఆత్మను చేర్చుకుంటూ ఆ సేవకుణ్ణి మరచిపోరాదు.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. మీ కింద పనిచేసే ఒకరి పేరు మనసులో తలచుకొని, వారి ఇంటి కష్టం ఏమిటో తెలుసుకొని, ప్రార్థనలో ప్రభువుకు విన్నవించండి. తరువాత మీ సంతకంతో, మీ మాటతో, మీ పలుకుబడితో అయ్యే సహాయం ఉంటే వెంటనే చేయండి. ఎవరికోసం ప్రార్థించామో వారిని అవమానించడం అంత సులభం కాదు.

కార్మికుల పాలక పునీతుడైన పునీత యోసేపుగారి వేడుదల వలన సర్వేశ్వరుడు మీ చేతుల కష్టాన్ని, మీ చేతికింద ఉన్నవారిని దీవించునుగాక. ఆమెన్.